మిఠాయి కొండకు గూడ్సుబండి

గూడ్సుబండి ఎక్కేవాడికి స్టేషనుతో పని లేదు. యార్డు దాటాక, ఇంజను ఇంకా ఊపందుకోని మలుపు దగ్గర పొదల చాటున నక్కి కూర్చోవాలి. ఇంజనునీ దాని వెనకాల బొగ్గు పెట్టెనీ పోనిచ్చి, తలుపు తెరిచి ఉన్న పెట్టె కోసం చూడాలి. కనబడగానే బండితో పాటు పరుగెత్తాలి. అందుకోవలసింది పెట్టె ముందువైపు నిచ్చెన. అక్కడ చెయ్యి జారితే పట్టాల పక్కన గులకరాళ్ళ మీద పడతారు. వెనక నిచ్చెన దగ్గర జారితే రెండు పెట్టెల నడుమకే పోతారు.

1890లలో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో హ్యారీ మెక్లింటాక్ ఈ చదువు చదివాడు. అప్పటికి మీసాలు కూడా రాలేదు. 1882లో పుట్టిన ఆ పిల్లాడు పెరిగింది టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో. చర్చి గాయకబృందంలో పాడేవాడు. ప్రార్థన గీతాలు వరసలతో సహా కంఠతా వచ్చు. కుక్కలనీ పొట్టి గుర్రాలనీ ఆడించే ఒక సర్కసు వెంట ఇంట్లోంచి పారిపోయాడు. సర్కసు సీజను ముగిసింది. ఇంటికి తిరిగి వెళ్ళలేదు. గూడ్సుబండ్ల మీద న్యూ ఆర్లీన్స్ చేరాడు.

అది రేవు పట్నం. ఓడల మీంచి దిగినవాళ్ళు, పత్తి బస్తాలు మోసినవాళ్ళు చీకటి పడితే సారా దుకాణాల్లో చేరేవారు. పొగ, చెమట, ఒలికిన బీరు వాసన. ఆ గందరగోళంలో ఒక పిల్లగొంతు లేస్తే ఎలా ఉండి ఉంటుంది? చర్చిలో దేవుడి ముందు పాడిన గొంతే ఇక్కడ రాత్రి భోజనం కోసం పాడింది. జనం చిల్లర విసిరారు. పాటకు తిండి దొరుకుతుందని హ్యారీకి తెలిసింది అక్కడే. ఆ గొంతు కోసం పెద్దవాళ్ళు కొట్టుకుంటారని కూడా కొద్ది రోజుల్లోనే తెలిసింది. ఆ సంగతికి ముందు, అతను కలిసిన మనుషులెవరో చెప్పాలి.

అంతర్యుద్ధం ముగిశాక అమెరికాలో రైలు పట్టాలు సాలెగూడులా అల్లుకుపోయాయి. 1873లో ఒకసారి, 1893లో మరోసారి ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. లక్షల మంది వీధిన పడ్డారు. అదే కాలంలో పడమటి రాష్ట్రాలకు చేతులు కావలసి వచ్చాయి. కాన్సస్ నుంచి డకోటాల దాకా గోధుమ కోతలు, పసిఫిక్ తీరంలో కలప నరకడం, చలికాలం సరస్సుల మీద మంచుగడ్డలు కోయడం, ఆపిల్ తోటలు, కొత్త రైలు మార్గాలు. ఏ పనీ రెండు మూడు నెలలు మించి ఉండదు. కోత అయిపోగానే రైతు లెక్క తేల్చి పంపేస్తాడు. మళ్ళీ పని వెయ్యి మైళ్ళ అవతల. టికెట్టుకు డబ్బుండదు. అలా గూడ్సుబండ్ల మీద పని వెంట తిరిగే కూలీని హోబో అన్నారు. పని చెయ్యకుండా తిరిగేవాణ్ని ట్రాంప్ అన్నారు. ఊరు కదలకుండా అడుక్కుతాగేవాడు బమ్. హోబోకి ఆ తేడా ప్రాణం. తనను ట్రాంప్ అంటే ఊరుకోడు.

చట్టం మాత్రం ఆ తేడా చూడలేదు. న్యూజెర్సీ రాష్ట్రం 1876లోనే దేశదిమ్మరుల మీద చట్టం తెచ్చింది. మిగతా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. చేతిలో డబ్బు, తలదాచుకునే చోటు లేకుండా రోడ్డు మీద కనిపించడమే నేరం. 1894లో నయాగరా జలపాతం చూడడానికి వెళ్ళిన ఒక పద్ధెనిమిదేళ్ళ కుర్రాణ్ని ఇలాగే పట్టుకుని, మాట చెప్పుకొనే అవకాశమైనా ఇవ్వకుండా నెల రోజులు జైల్లో వేశారు. ఆ కుర్రాడే తర్వాతి కాలపు రచయిత జాక్ లండన్. తర్వాత ఆ నెల రోజుల గురించి ‘ది రోడ్’ అనే పుస్తకంలో రాశాడు.

ఇక రాత్రుళ్ళు. రైలు మార్గాలు కలిసే చోట, ఊరికి కాస్త ఎడంగా, నీళ్ళు దొరికే దగ్గర హోబోల మకాం ఉండేది. దాన్ని వాళ్ళు జంగిల్ అనేవారు. డబ్బారేకులే గిన్నెలు. ఒకడు బంగాళాదుంపలు తెస్తాడు, ఇంకొకడు కసాయి కొట్లో అడుక్కున్న ఎముకలు, మరొకడు ఎవరి పెరట్లోంచో పీకిన ఉల్లిపాయలు. అన్నీ ఒకే డబ్బాలో ఉడుకుతాయి. తిన్నవాడు గిన్నె తోమి బోర్లించి పోవాలి, తర్వాత వచ్చేవాడికి కట్టెలు ఉంచాలి. ఈ నియమం తప్పినవాణ్ని మళ్ళీ మంట దగ్గరికి రానిచ్చేవారు కాదు. తిండి అయ్యాక పాట. చాలా హోబో పాటలు ఆ మంటల చుట్టూనే నోటి నుంచి నోటికి పాకాయి. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. ఊరూరా ఒక చరణం చేరేది, ఒకటి రాలిపోయేది.

ఆ పాటల్లో బతుకంతా హాయే. యజమాని లేడు, గడియారం లేదు, అద్దె లేదు. రేపటి బెంగ అసలే లేదు. దొరికిన బండెక్కి ఎటో పోవడమే. విన్నవాళ్ళు వాళ్ళది నిజంగానే ఆడుతూ పాడుతూ గడిచే జీవితమనుకున్నారు. ఇళ్ళల్లో కూర్చున్న పిల్లలు అసూయపడ్డారు. నిజం మాత్రం వేరు. 1901 నుంచి 1905 దాకా అయిదేళ్ళలో అమెరికా రైలు మార్గాల మీద అనుమతి లేకుండా తిరుగుతూ చచ్చిపోయినవాళ్ళు దాదాపు 24,000 మంది. కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళు, గాయపడ్డవాళ్ళు అంతకంటే ఎక్కువే. అందరూ హోబోలు కారు, పట్టాలు దాటుతున్న పల్లెవాళ్ళూ ఉన్నారు. ఎలా తీసేసినా అది చిన్న లెక్క కాదు. పెట్టె అడుగున ఇనుప కడ్డీల మీద పడుకుని ప్రయాణించేవాడికి ముఖానికీ పట్టాలకూ మధ్య ఉండేది మూరెడు జాగా. నిద్ర పడితే అంతే. ఆ పాటలు బతుకును ఉన్నదున్నట్టు చెప్పలేదు. లేనిదాన్ని అడిగాయి. పొట్ట నిండనివాడి కలలో వంటలు ఎక్కువ ఉంటాయని తెలిసినవాళ్ళకు ఆ హాయి ఎక్కడి నుంచి వచ్చిందో విప్పి చెప్పనక్కర్లేదు.

మళ్ళీ హ్యారీ దగ్గరికి వద్దాం. జంగిల్‌లో పెద్ద హోబోలు కొందరు చిన్న పిల్లలను వెంట తిప్పుకునేవారు. అలాంటి పెద్దవాళ్ళను జాకర్లు అనేవారు. పిల్లాడు ఇంటింటికీ తిరిగి అడుక్కురావాలి, తెచ్చింది ఆ పెద్దమనిషికి పెట్టాలి. దెబ్బలు సరేసరి. అంతకంటే ఘోరమైనవీ జరిగేవి. మామూలు పిల్లాడే నాలుగు రొట్టెముక్కలు తెచ్చిపెడితే, పాడే పిల్లాడు వెండి నాణేలు తెచ్చిపెడతాడు. హ్యారీ తన విలువ ఏమిటో అలా తెలుసుకున్నాడు. తనను చేజిక్కించుకోవాలని జాకర్లు ఎన్నెన్ని మాటలు చెప్పారో, వాళ్ళ నుంచి ఎలా పెనుగులాడి తప్పించుకోవలసి వచ్చిందో పెద్దయ్యాక తనే చెప్పాడు.

పిల్లాణ్ని ఇంటి నుంచి లాగాలంటే భయపెట్టి ప్రయోజనం లేదు. ఆశ పెట్టాలి. ఏదో పల్లెలో కంచె మీద కూర్చుని బండ్లు చూస్తున్న పిల్లాడి పక్కన ఒక హోబో చేరతాడు. ఎక్కడో పడమటి దిక్కున ఒక కొండ ఉందంటాడు. అది పూర్తిగా మిఠాయి. అక్కడ పని ఊసు లేదు, ఆకలి లేదు, కొట్టే పోలీసు లేడు, కరిచే కుక్క లేదు. తిండి చెట్లకే కాస్తుంది. నాతో వస్తావా, చూపిస్తాను. ఇది హోబోల్లో తరతరాలుగా నలిగిన కట్టుకథ. యూరప్‌లోనూ ఇలాంటి మాయదేశాల కథలు వందల ఏళ్ళుగా ఉన్నాయి. 1895లో ఆ కథనే పాటగా కట్టానని హ్యారీ చెప్పుకున్నాడు. అంటే అప్పటికి పన్నెండు పదమూడేళ్ళు. ఆ మాటను అందరూ నమ్మలేదు. ముక్కలు ముక్కలుగా ఆ పాట అంతకు ముందు నుంచే ఉందన్నవాళ్ళున్నారు. నాకు మాత్రం, ఎవరు కట్టినా, ఆ మాటల వలలో ఒకసారి కాలు పెట్టి వచ్చినవాడే కట్టి ఉంటాడనిపిస్తుంది. పాట పేరు ‘బిగ్ రాక్ క్యాండీ మౌంటెన్’.

హ్యారీ తనదేనని చెప్పుకున్న రెండో పాట ‘హల్లెలూయా, ఐయామ్ ఎ బమ్’. చర్చిలో నేర్చిన ఒక ప్రార్థన గీతం వరసను తీసుకుని, దేవుడి మాటల చోట తిరుగుబోతు మాటలు పెట్టాడు. పని చెయ్యకుండా తిరుగుతావేమని బుద్ధి చెప్పే పెద్దమనుషులకు అందులో ఎదురు జవాబు ఉంటుంది. ముందు జంగిల్‌లో పాకింది. 1898లో స్పెయిన్‌తో యుద్ధానికి టెనెసీలో మకాం వేసిన సైనికులు విన్నారు. వాళ్ళు ఇళ్ళకు పోతూ పాటను దేశమంతా మోసుకుపోయారు.

హ్యారీ కూడా దేశాలు తిరిగాడు. చైనాలో బాక్సర్ తిరుగుబాటు వార్తలు రాసే విలేకరులకు సాయంగా ఉన్నానని, బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ రైళ్ళ మీద పని చేశానని చెప్పేవాడు. తిరిగి వచ్చాక అమెరికాలో హోబోలను చేర్చుకునే ఒక సంఘం ఏర్పడింది.

1905లో షికాగోలో పుట్టిన ఆ సంఘం పేరు ఇండస్ట్రియల్ వర్కర్స్ ఆఫ్ ది వరల్డ్. దాని సభ్యులను వాబ్లీలు అనేవారు. నిలకడైన పని, నిలకడైన ఇల్లు లేనివాళ్ళను సంఘంలో చేర్చుకోవాలని అంతకు ముందు పెద్దగా ఎవరూ పట్టుబట్టలేదు. వీళ్ళు పట్టుబట్టారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ పట్నంలో పని కుదిర్చే కొట్లు వరసగా ఉండేవి. డాలరు కడితే కలప క్యాంపుకో రైలు పనికో చీటీ ఇచ్చేవారు. అక్కడికి పోతే పని ఉండకపోవచ్చు, ఉన్నా నాలుగు రోజుల్లో మేస్త్రీ తీసేస్తాడు. ఆ డాలరులో అతనికీ వాటా ఉంది మరి. ఒక జట్టు పనిలో, ఒక జట్టు వస్తూ, ఒక జట్టు పోతూ ఉండేది.

దీని గురించి వాబ్లీలు వీధి మూల నిలబడి మాట్లాడితే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ బ్యాండు వచ్చి డప్పులతో, బాకాలతో మాటలు ముంచేసేది. అప్పుడు జె.హెచ్. వాల్ష్ అనే నాయకుడికి ఒక ఆలోచన తట్టింది. మనమూ బ్యాండు పెడదాం, వాళ్ళ వరసల మీదే మన మాటలు పాడదాం. పడమటి తీరంలో అలా లేచిన వాబ్లీ బ్యాండులో హ్యారీ మెక్లింటాక్ ఒకడు. సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు వరస ఎత్తుకోవడమే ఆలస్యం, వాబ్లీలు అదే వరస మీద కూలి గురించి, చాలీచాలని కూడు గురించి పాడేవారు. పరలోకం మాటలు వినలేక విసిగిన కూలీలు ఈ మాటలకు ఆగారు.

1908లో షికాగోలో సంఘం మహాసభ. పడమటి తీరంలోని పోర్ట్‌లాండ్ నుంచి 2,500 మైళ్ళ పైమాటే. వాల్ష్ ఇరవై మంది దాకా మనుషులను కూడగట్టాడు. నీలం డెనిమ్ ఓవరాల్స్, నల్ల చొక్కాలు, మెడలో ఎర్ర రుమాళ్ళు. టికెట్టు ఒక్కరికీ లేదు. రైలు పోలీసులు వచ్చి దించితే మళ్ళీ ఎక్కడం, బండి ఆగిన చోట జంగిల్‌లో వంట, ఊళ్ళో సభ, సభలో పాటలు. పాటలు అచ్చేసిన కాగితాలు చిల్లరకు అమ్ముతూ దారిఖర్చులు తీసుకున్నారు. రైలు టికెట్ల కింద మిగిలింది దాదాపు 800 డాలర్లని వాల్ష్ తర్వాత లెక్క రాశాడు. ఆ దండు దారి పొడుగునా పాడినవాటిలో ‘హల్లెలూయా’ పాట ముఖ్యమైనది. మహాసభలో పండితుడైన సోషలిస్టు నాయకుడు డేనియల్ డిలియాన్‌కు వీళ్ళను చూస్తే చిరాకేసింది. బమ్‌ల మంద అన్న అర్థం వచ్చే పేరుతో ఎద్దేవా చేశాడు. సభలో ఓడిపోయి బయటికి వెళ్ళింది మాత్రం డిలియానే.

మరుసటి ఏడు స్పోకేన్‌లో ఈ పాటలన్నీ కలిపి జేబులో పట్టేంత చిన్న పుస్తకం వేశారు. ఎర్ర అట్ట. ఆ ఏడే నవంబరు 2న, వీధుల్లో మాట్లాడడాన్ని నిషేధించిన నగరం మీద వాబ్లీలు పోరాటానికి దిగారు. ఒకడు సబ్బు పెట్టె ఎక్కి నోరు తెరవగానే అరెస్టు, వెంటనే ఇంకొకడు ఎక్కడం. గూడ్సుబండ్ల మీద నలుమూలల నుంచీ వచ్చి వందల మంది జైళ్ళు నింపారు. జైలు చాలక మూసేసిన ఒక బడిలో కుక్కారు. లోపల గడ్డకట్టే చలి, ఎండు రొట్టె. గదుల్లోంచి పాటలు వీధిలోకి వినిపించేవి. పందొమ్మిదేళ్ళ వాబ్లీ కార్యకర్త ఎలిజబెత్ గర్లీ ఫ్లిన్ దీపస్తంభానికి తనను తాను గొలుసుతో కట్టేసుకుని మాట్లాడింది. 1910 మార్చిలో నగరం దిగివచ్చింది. పని కుదిర్చే కొట్లు చాలావాటి లైసెన్సులు రద్దయ్యాయి. పని దొంగల పాటలని పేరుపడ్డవే కూలి దొంగల కొట్లు మూయించాయి. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె నిండుతుంది.

హ్యారీ ఆ తర్వాత రైల్వే పనుల్లో, పడమటి గనుల ఊళ్ళలో గడిపాడు. 1925 నాటికి శాన్‌ఫ్రాన్సిస్కోలో కేఎఫ్ఆర్‌సీ రేడియోలో పాడుతున్నాడు. 1928 సెప్టెంబరులో విక్టర్ కంపెనీ ‘మిఠాయి కొండ’ పాటను అతని గొంతుతో రికార్డు చేసింది. గిటారు, కాస్త గరుకైన ఆ గొంతు, అంతే. ఏడాది తిరిగేసరికి షేర్‌మార్కెట్ కూలింది, బ్యాంకులు మూతపడ్డాయి. ఇంట్లో ఒక నోరు తగ్గుతుందని పిల్లలు వాళ్ళంతట వాళ్ళే బండ్లెక్కేశారు. ఆ దశాబ్దంలో పట్టాల మీద తిరిగిన పదమూడు నుంచి పందొమ్మిదేళ్ళ పిల్లలు రెండున్నర లక్షల దాకా ఉంటారని అంచనా. సదరన్ పసిఫిక్ కంపెనీ 1932 ఒక్క ఏడాదిలో తన బండ్ల మీంచి దించేసినవాళ్ళు 6,80,000కు పైమాటే. ‘మిఠాయి కొండ’ రికార్డు 1939లో కూడా బాగా ఆడింది.

ఆ పాటల్లోని స్వేచ్ఛ అందరికీ ఒకే ధరకు దొరకలేదు. 1931 మార్చి 25న టెనెసీలోని చట్టనూగా నుంచి మెంఫిస్ వైపు పోతున్న గూడ్సుబండిని అలబామాలోని పెయింట్ రాక్ దగ్గర ఆపారు. తుపాకులు పట్టిన మూక తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ళను దించింది. అందరూ ఇరవై లోపువాళ్ళే. ఇద్దరు తెల్ల యువతులపై అత్యాచారం చేశారన్న అబద్ధపు ఆరోపణ. మూడు వారాలు తిరక్కుండానే ఎనిమిది మందికి మరణశిక్ష పడింది. దేశమంతా ఉద్యమం లేచాక ఎవరికీ మరణశిక్ష అమలు కాలేదు గానీ వాళ్ళ యవ్వనం జైళ్ళలో కరిగిపోయింది. పని వెతుక్కుంటూ ఎక్కిన బండే అది. తెల్ల పిల్లాడు అదే బండి దిగి రికార్డు కొట్లో పాట వినగలడు.

మళ్ళీ హ్యారీ పాట సంగతి. రికార్డు పేరు పెరిగాక ‘మిఠాయి కొండ’ పాట ఎవరిదన్న తగాదా వచ్చింది. హ్యారీ కోర్టుకు వెళ్ళాడు. తానే కట్టానని నిరూపించుకోవాలంటే కుర్రతనంలో వీధుల్లో పాడిన అసలు సాహిత్యం బయట పెట్టక తప్పలేదు. రికార్డు కోసం శుభ్రం చేసి తీసేసిన చివరి చరణం అందులో ఉంది. అక్కడ మాట్లాడేది కొండను వర్ణించే హోబో కాడు, అతని వెంట వచ్చిన పిల్లాడు. నడిచీ నడిచీ కాళ్ళు పుళ్ళు పడ్డాయి, మిఠాయి జాడ ఎక్కడా కనబడలేదు. ఇక నీకు లొంగి ఉండనని ఆ జాకర్‌కు ముఖాన చెప్పేస్తాడు, ఘోరాన్ని దాచకుండా పేరు పెట్టి మరీ. ఆ కొండను అన్ని చరణాల పాటు అంత తియ్యగా ఎందుకు పేర్చారో అక్కడికి వస్తే గానీ తెలియదు. కోర్టు గదిలో ఆ చరణం చెబుతున్నప్పుడు హ్యారీకి ఏ జంగిల్, ఎవరి ముఖం గుర్తొచ్చిందో! అంత చెప్పుకున్నా పాట అతని సొత్తు కాలేదు. ఎవరైనా పాడుకోదగ్గ జానపదంగా మిగిలింది.

అతను 1957లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశాడు. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1949లో, బర్ల్ ఐవ్స్ ఆ పాటను పిల్లల కోసం ఇంకా కడిగి పాడాడు. సారా వాగులు పిల్లలకు తగవు మరి. అప్పటి నుంచి అది బడి పిల్లల పాట. 2000లో వచ్చిన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ సినిమా మొదట్లో సంకెళ్ళతో రాళ్ళు కొట్టే ఖైదీల నుంచి ముగ్గురు తప్పించుకుని పరుగెడుతుంటే వెనక వినిపించేది హ్యారీ 1928 రికార్డే. ఆ సినిమా పాటల ఆల్బమ్‌కు 2002లో ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ అవార్డు వచ్చింది. లక్షల ఇళ్ళకు మళ్ళీ చేరిన ఆ రికార్డులో కొండ ఉంది, సారా వాగులూ ఉన్నాయి. పిల్లాడి చరణం లేదు.